మట్టినేల మొనగాడు



నేటి నా ప్రసంగము టెన్నిసు ఆటను గూర్చి యనగానే మీలో కొందరు నవ్వుదురని యెఱుగుదును. వానకై మొగులు చూచుచు రాప్తాటి రచ్చకట్టపై గూర్చుండువారికి దొరల బంతియాటతో పనియేమి? పని కలదు. స్పెయిను దేశస్థుడగు రఫాయేల్ నదాల్ అను ఆటగాని పేర 2010వ సంవత్సరమున మన అనంతపురమున ఒక బడి వెలసెను. అతడెవడో, ఈ కరవుసీమకు ఏల వచ్చెనో తెలిసికొనుట మనకు ఉచితము.

అతడు 1986 జూన్ 3వ తేదీన మయోర్కా ద్వీపమునందలి మనకోరు పట్టణమున జన్మించెను. తండ్రికి తోబుట్టువగు టోనీ యే అతనికి గురువు. మిక్కిలి పసితనమున మొదలిడి 2017 వఱకును ఆ గురుత్వము సాగినది. శిష్యుడు కుడిచేత వ్రాయును, ఎడమచేత ఆడును. అర్జునునకు సవ్యసాచి యను బిరుదెట్లు వచ్చెనో భారతము విన్న మీకు నేను చెప్పనక్కఱలేదు. టోనీ శిక్షలో ముఖ్యమైనది చేతి నేర్పు కాదు, కోపమును అణచుట. ఓటమిలో రాకెట్టును నేలకు గొట్టి విఱుచు ఆటగాండ్రు పెక్కురు కలరు. నదాల్ ఆ పని చేయనివాడని ప్రసిద్ధి.

ఈ ఆటను గడ్డిపైన, గట్టి చప్టాపైన, మట్టిపైన ఆడుదురు. మట్టి యనగా మన చేనిమన్ను కాదు. ఇటుకలను మెత్తగా దంచిన యెఱ్ఱని పొడిని పలుచగా పఱతురు. ఆ నేలను దాకిన బంతి వేగము తగ్గి మీదికి లేచును. కావున ఒక్క దెబ్బతో పని తీఱదు. పది, ఇరువది మార్లు అటునిటు కొట్టుకొనవలసి వచ్చును. ఓర్పులేనివాడు తానే తప్పు చేసి ఓడును. నదాల్ బంతిని క్రిందినుండి మీదికి రాచి కొట్టెడివాడు. అది బొంగరమువలె తిరుగుచు పోయి ఎదుటివాని భుజముల యెత్తునకు ఎగసెడిది. పారిసు నగరమున ఏటేట జరుగు మట్టినేల పోటీలో 2005 మొదలు 2022 లోపల అతడు 14 మార్లు గెలిచెను. అచ్చట ఆడిన 116 ఆటలలో ఓడినవి నాలుగే.

మట్టిపై తప్ప ఆడలేడనువారికి 2008లో సమాధానము దొరకెను. లండను నగరపు వింబుల్డను గడ్డినేలపై, అంతకుముందు వరుసగా అయిదేండ్లు గెలిచిన ఫెదరరును, వానలు ఆపుచుండగా, చీకటి పడుచుండగా, 4 గంటల 48 నిమిషములు పోరి ఓడించెను. ఆ యేడే బీజింగు ఒలింపిక్సులో స్వర్ణపతకము నందెను. మహాపోటీలలో అతని విజయములు మొత్తము 22. జోకోవిచ్ 24 గెలిచి ఆ లెక్కను దాటినాడు. ఐనను నాకు వింతగొల్పునది లెక్క కాదు. ఎడమ పాదమందలి ఒక చిన్న యెముకకు 2005లోనే మానని జబ్బు చేసెను. ఆ కాలితోనే మఱి పదునెనిమిదేండ్లకు పైగా ఆడెను. 2022లో ఆస్ట్రేలియాయందు మొదటి రెండు భాగములు ఓడి, తక్కిన మూడును గెలిచి, 5 గంటల 24 నిమిషములకు జయమందెను. 2024 నవంబరున మాలగా పట్టణమున ఆట విరమించెను. మఱుసటి యేడు పారిసువారు అతని పాదముద్రను ఆ క్రీడాస్థలమున స్థాపించి గౌరవించిరి.

ఇక మన సంగతి. స్పెయినునుండి వచ్చిన విన్సెంటు ఫెర్రరుగారు 1969లో అనంతపురమున గ్రామాభివృద్ధి సంస్థను ప్రారంభించిరి. ఊరూర బడులు, ఇండ్లు, నీటికుంటలు, బత్తలపల్లిలో ఆసుపత్రి, ఇవి మీరు కన్నవే. ఆయన 2009లో అనంతపురముననే కన్నుమూసిరి. ఆ సంస్థతో చేయి కలిపి నదాల్ తన ధర్మసంస్థ పక్షమున ఆ బడిని తెఱచెను. 2010 అక్టోబరున తానే వచ్చి పిల్లలతో ఆడెను. పేదయిండ్ల బాలురకు, బాలికలకు కలిపి అందు టెన్నిసుతోపాటు ఇంగ్లీషును, కంప్యూటరును నేర్పిరి.

దీనివలన మన పిల్లలు ప్రపంచవిజేతలగుదురా? అట్లు ఆశపెట్టుట నా ఉద్దేశము కాదు, విజేతలు కోటికొక్కరు. నా బోధనాకాలమున చెనక్కాయలు పీకు దినములలో హాజరుపట్టీ సగము ఖాళీగా నుండెడిది. కరవేటలో తల్లిదండ్రులు బెంగుళూరు కూలికి పోగా బిడ్డలును వెంటబోయెడివారు. ఆడుపిల్ల యైనచో ఒకసారి మానిన బడికి మరల వచ్చుట అరుదు. పుస్తకము పిలిచిన రాని పిల్ల బంతి పిలిచిన వచ్చునని అనుభవముమీద చెప్పుచున్నాను. వచ్చినది నిలుచును, నిలిచినచో రెండక్షరములు అబ్బును.

ఆడుపిల్ల పొట్టి లాగు తొడిగి మైదానమున పరుగెత్తుటయా యని అడుగువారు మన ఊళ్లలో కలరు. అదే పిల్లను ఎండలో నాగటిచాలు వెంట విత్తనము వేయుటకు పంపునప్పుడు ఆ సందేహము ఎవరికిని తోచలేదు. చీకటి పడకముందు ఇల్లు చేరుట యెట్లు, వెంట వచ్చువారెవరు అను ప్రశ్నలు న్యాయమైనవి. వానిని అనంతపురమునకు పోయి ఆ సంస్థవారినే అడుగుడు. మనుమరాలిని వెంటబెట్టుకొని పోయి, ఆమె యెదుటనే అడుగుడు.