స్టార్టర్ డబ్బాలోని బోర్డు ఎవరి మాట వినాలి?

(సంఘం శిక్షణ తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



డ్రోన్ల గురించి, యాప్‌ల గురించి మీరు చాలా విన్నారు. నేను అగ్గిపెట్టెంత ఉండే ఒక బోర్డు గురించే మాట్లాడతాను. పేరు నోడ్‌ఎంసీయూ. దాని మీదున్న చిప్పు ఈఎస్‌పీ 8266. షాంఘైలోని ఎస్‌ప్రెసిఫ్ కంపెనీ దీన్ని 2014లో తెచ్చింది. 2016లో ఇంకా శక్తిగల ఈఎస్‌పీ 32 వచ్చింది. ఎలక్ట్రానిక్స్ షాపుల్లో కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. పాలిటెక్నిక్ చదివే మన పిల్లలు దీంతోనే ప్రాజెక్టులు చేస్తున్నారు.

ఇది వైఫై ఉన్న చిన్న కంప్యూటరు. మనం రాసిపెట్టిన ప్రకారం స్విచ్చి వేస్తుంది, ఆపుతుంది. నేలలో తేమ ఎంతుందో, పైపులో నీళ్లు వస్తున్నాయో లేదో చూసి ఫోనుకు చెబుతుంది. ఇంటర్నెట్ అక్కర్లేదు, బోర్డే సొంతంగా వైఫై ఇస్తుంది. గట్టు మీద నిలబడి ఫోన్లో నొక్కితే చాలు.

మనకెందుకు ఇది? రాత్రి కరెంటు వస్తే చీకట్లో చేనికి పోతాం. తడి చేతులతో స్టార్టర్ డబ్బా ముట్టుకుని, పాము కరిచి పోయినవాళ్లు ఏ ఊళ్లో లేరు? డబ్బా ముట్టుకునే పని తప్పినా ఒక ప్రాణం మిగులుతుంది. బోరు ఎండి మోటారు ఉత్తగా తిరుగుతుంటే ఇది ఆపేస్తుంది. వైండింగ్ ఖర్చు తప్పుతుంది.

ఇంకో సంగతి. మోటారు లేచేటప్పుడు మామూలు కంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. ఆటో స్టార్టర్లుంటే కరెంటు రాగానే అన్నీ ఒక్కసారే లేస్తాయి, ట్రాన్స్‌ఫార్మర్ మీద భారం పడుతుంది. పైగా అవసరం తీరినా మోటారు నడుస్తూనే ఉంటుంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు, ఆటో స్టార్టర్లు తీసేయమని రైతులను కోరారు. ఈ బోర్డుకైతే ఒక్కో మోటారు రెండేసి నిమిషాల తేడాతో లేవాలని, తడి అయ్యాక ఆగాలని చెప్పొచ్చు. అయితే ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింది రైతులంతా కూర్చుని వంతులు అనుకోవాలి. ఆ పని బోర్డు చేయదు, సంఘం చేయాలి.

జాగ్రత్తలు కూడా వినండి. బోర్డు నడిచేది 3.3 వోల్టుల మీద. దానికి తగిలించే చిన్న రిలే సాధారణంగా 250 వోల్టులదే. మన స్టార్టర్ కాయిల్ చాలా చోట్ల 415 వోల్టులది. నేరుగా కలిపితే రిలే కాలుతుంది, మనిషికీ ప్రమాదమే. తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో మధ్యలో సరైన కాంటాక్టర్ పెట్టించాలి. ఉన్న ఫేజు రక్షణ తీయకూడదు. వైఫై అందేది కొంత దూరమే. ఇల్లు చేనికి కిలోమీటర్ల దూరంలో ఉంటే సిమ్ కార్డుతో నడిచేదే కావాలి. చౌకగా దొరికే రెండు పుల్లల తేమ సెన్సార్ తుప్పు పడుతుంది, కెపాసిటివ్ రకం తీసుకోండి.

ఇక అసలు విషయం. ఈ బోర్డు సర్క్యూటు, ప్రోగ్రాము ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు. ఇలాంటి చిప్పునే కంపెనీ సీలు వేసిన డబ్బాలో పెట్టి అమ్మితే సంగతి వేరు. ఏటా చందా కట్టాలి. చెడిపోతే వాళ్ల దగ్గరికే పోవాలి. మన బోరు ఎన్ని గంటలు నడిచిందో మన కంటే ముందు వాళ్లకు తెలుస్తుంది. 2020లో శ్రీకాకుళం జిల్లాతో మొదలుపెట్టి ఉచిత విద్యుత్ మోటార్లకు మీటర్లు బిగిస్తామన్నప్పుడు రైతు సంఘాలు వ్యతిరేకించాయి. లెక్క ఎవరి చేతికి పోతుంది, రేపు దాన్ని ఏం చేస్తారు అన్నదే అప్పటి భయం. ఇప్పుడూ అదే ప్రశ్న అడగాలి.

కాబట్టి మన డిమాండ్లు ఇవి. సబ్సిడీ మీద ఇచ్చే ప్రతి పరికరానికీ సర్క్యూటు, ప్రోగ్రాము బయటపెట్టాలి. ఊళ్లోనే రిపేరు చేసుకునే వీలుండాలి. రైతు అనుమతి లేకుండా వివరాలు ఎవరికీ ఇవ్వకూడదు. కౌలు రైతుకూ సబ్సిడీ అందాలి. ఈ పరికరాల పేరు చెప్పి ఉచిత కరెంటు గంటలు కోయకూడదు. కృషి విజ్ఞాన కేంద్రాల్లో, ఐటీఐల్లో రైతు పిల్లలకు శిక్షణ ఇవ్వాలి.

గిట్టుబాటు ధర ఈ బోర్డు ఇవ్వదు, దానికి పోరాటమే దారి. కానీ పోరాడే రైతు చీకట్లో షాక్ కొట్టి పోకూడదు. ప్రతి మండల కమిటీ ముందు ఒక్క మోటారుకు పెట్టించి, ఒక పంటకాలం చూసి, మంచీ చెడూ వచ్చే సమావేశంలో చెప్పాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.