పైపూత మందులు - మొండి సూక్ష్మజీవులు



ఎర్రగడ్డ యనగానే నగరవాసులకు స్ఫురించువానిలో అచ్చటి ఛాతీ ఆసుపత్రి యొకటి. క్షయరోగి మందును నడుమ మానివేసినచో వ్యాధి మొండికెత్తి, మునుపు పనిచేసిన మందునకే లొంగకుండ పోవచ్చునను సత్యము ఆ ప్రాంతమువారికి క్రొత్తది కాదు. ఇట్టి ప్రమాదమే చర్మముపై లేచిన చిన్న కురుపునందును పొంచియున్నదని యెరిగినవారు తక్కువ.

సెగ్గడ్డలకు, పసిపిల్లల మూతిచుట్టును తేనెరంగు పెచ్చు కట్టు పుండ్లకు తరచు కారణమగునది స్టాఫిలోకాకస్ ఆరియస్ అను బాక్టీరియా. ‘ఆరియస్’ అనగా లాటిను భాషలో బంగారు వన్నె గలది. 1884లో జర్మను వైద్యుడు రోసెన్‌బాక్ దాని పసిడి రంగును బట్టి యా పేరిడెను. ఆరోగ్యవంతులలో సుమారు మూడవవంతుమంది ముక్కులో నిది హాని చేయకయే వసించును. చర్మము చిట్లినపుడు లోన జొరబడును.

ఇట్టి సూక్ష్మజీవులపై సాగిన పోరులో తెలుగువాని పాత్రయు గలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనాధ్యక్షులుగా నున్నపుడు, అచ్చటనే పనిచేయుచున్న డగ్గర్ పండితుడు మిస్సోరీ రాష్ట్రపు మట్టిలోని సూక్ష్మజీవినుండి ఆరియోమైసిన్‌ను 1945లో కనుగొనెను. దాని పేరును బంగారు వన్నెను బట్టి వచ్చినదే. 1948లో అది లోకమునకు వెల్లడి యయ్యెను. ఆ యేడే సుబ్బారావుగారు కీర్తిశేషులైరి. ఆ మందు లేపనముగా కూడ వాడుకలోనికి వచ్చెను.

కాని శత్రువు ఊరకుండలేదు. చాలీచాలని మోతాదు వాడినచో సూక్ష్మజీవులు మందును తట్టుకొన నేర్చునని పెనిసిలిన్‌ను కనుగొన్న ఫ్లెమింగ్ 1945లోనే నోబెల్ ఉపన్యాసమున హెచ్చరించెను. పెనిసిలిన్‌కు లొంగని వానికై 1959లో మెథిసిలిన్ వచ్చెను; 1961 నాటికే దానికిని లొంగని రకము బ్రిటనులో కానవచ్చెను. ఒకే పురుగుమందు మాటిమాటికి చల్లిన చేనిలో బలహీనమైన పురుగులు చచ్చి, తట్టుకొన్నవే సంతానమును పెంచుకొనును గదా! చర్మముపై జరుగునదియు నిదియే.

అట్టి మొండి రకమును సయితము చాలవరకు అణచగల లేపనము ముపిరోసిన్. ఇదియు నొక బాక్టీరియానుండియే లభించినది. ముల్లును ముల్లుతో తీసినట్లు, శత్రువు తన మాంసకృత్తులను తయారుచేసికొనకుండ అడ్డగించును. కొద్ది మేర పెచ్చుపుండ్లకు వైద్యులు దీనిని సాధారణముగా ఐదు దినములు మొదలు పది దినముల వరకు వాడుమందురు. అయితే విచ్చలవిడి వాడుకచే దీనికిని లొంగని బాక్టీరియా పుట్టుకొచ్చినది. 1962లో డెన్మార్కునుండి వెలువడిన ఫ్యూసిడిక్ ఆమ్లపు లేపనమునకును ఈ గతియే పట్టినది.

కావున కురుపు లన్నియు నొకటి కావని తెలియవలెను. గజ్జికి కారణము కంటికానని చిన్న పురుగు; తామరకు బూజుజాతి; ఈ రెంటిపై బాక్టీరియాను చంపు లేపనము పనిచేయదు. దానికి తోడు స్టీరాయిడు కలిపిన మందు పూసినచో దురద తాత్కాలికముగా తగ్గినను, తామర లోలోపల వ్యాపించును. చీముపట్టిన పెద్ద గడ్డకు పైపూత చాలదు. వైద్యుడు శుభ్రముగా కోసి చీము తీయవలెను. దానిని ఇంట పిసుకరాదు. జ్వరము వచ్చినను, ఎరుపు వేగముగా ప్రాకినను, రోగికి మధుమేహమున్నను జాగు చేయక ఆసుపత్రికి పోవలెను.

పుండును సబ్బుతో కడిగి కప్పియుంచుట, తువ్వాలు వేరుగా వాడుట, చేతులు కడుగుకొనుట - వీనికి లొంగని సూక్ష్మజీవి యింకను పుట్టలేదు. మందు వ్రాసినన్ని దినములు వాడి ఆపవలెను. మిగిలిన గొట్టమును పొరుగువారి కీయరాదు. గ్రంథాలయపు పుస్తకము చేతులు మారినకొలది ఊరికి మేలు; లేపనపు గొట్టము చేతులు మారినకొలది ఊరికి కీడు.