శీతల యంత్రము లేని పాత యింటి విక్రయము
(సంఘ సమావేశమున గావించిన ప్రసంగ పాఠము)



“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అని మన పెద్దలన్నారు. ఇల్లమ్మి చూడుమని మాత్రము వారనలేదు. ఆ దినములలో ఇల్లమ్ముట అప్పులపాలైన వారు చేయు పని. నేడది మన ఉద్యోగుల కుటుంబములలో సామాన్య విషయమైనది. 1931లో రాయపూరు–విజయనగరము రైలుమార్గము పూర్తియైన పిమ్మట ఉత్తరాంధ్రమునుండి ఎందఱో ఈ నగరమునకు వచ్చి స్థిరపడిరి. రైల్వేలోను, ఇతర కార్యాలయములలోను పనిచేసి, కూడబెట్టిన సొమ్ముతో ఇండ్లు కట్టుకొనిన వారు, కొనుక్కొనిన వారు వారిలో కలరు. వారి బిడ్డలు నేడు హైదరాబాదులోనో, విశాఖపట్టణములోనో, సముద్రముల కావలనో ఉద్యోగములు చేయుచున్నారు. వృద్ధులు పిల్లల చెంతకు పోవలసి వచ్చినప్పుడు ఇల్లు అమ్మకమునకు వచ్చును.

అప్పుడు కొనవచ్చినవాడు గడపలో నిలిచి అడుగు మొదటి ప్రశ్న యేమి? “ఏసీలున్నవా?” లేవనగానే, “అయిన స్థలము వెల మాత్రమే యిత్తును” అనును. ఒక జీవితకాలపు కష్టార్జితము ఆ యొక్క మాటతో తఱిగిపోవుచున్నది. ఈ యన్యాయమునకు జడిసి కొందఱు అమ్మువారు గోడలకు సున్నము వేయించి, పగుళ్ళు కప్పిపుచ్చి, లేని గుణములను వర్ణింతురు. రెండును తగవు కాదు. శీతల యంత్రము లేకపోవుట దాచవలసిన దోషము గాదు. ఇంటిని మట్టిపాటు చేయవలసినంత దోషమును గాదు. ఉన్నది ఉన్నట్లు చెప్పి, సరిచేయుటకగు వ్యయమును లెక్కకట్టి, ఆ మేరకే వెల తగ్గించుట ధర్మము. నేడు నేను మనవి చేయదలచినది ఇంతే.

ఈ చిక్కు మన కొక్కరికే వచ్చినది గాదు. ఇంగ్లండువంటి చలి దేశములలో ఒకచోట నీటిని కాచి, గొట్టములద్వారా ఇంటిలోని గదులన్నిటికి వేడిమిని పంపుదురు. 1960 ప్రాంతమున అచ్చట ఆ యేర్పాటు గల యిండ్లు తక్కువ. పొయ్యిచుట్టును కూర్చుండి చలికాచుకొనువారే ఎక్కువ. నేడు అది లేని యిల్లే అరుదు. కనుక అట్టి పాత యింటిని అమ్మువారికి మనవారికి వచ్చిన కష్టమే వచ్చుచున్నది. అయితే అచ్చట నొక మేలు కలదు. ఇంటి నమ్మునప్పుడు, అది ఎంత యింధనము వెచ్చించునో ‘ఏ’ మొదలు ‘జీ’ వఱకు శ్రేణిగా నిర్ణయించు పత్రమును కొనువారికి చూపవలెనను నిబంధన గలదు. అందుచే బేరము ఊహలమీద గాక, కాగితముమీద నడచును. మన దేశమున పాత యిండ్ల యమ్మకమునకు అట్టి పత్రము లేదు. 2018లో కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ వెలువరించిన ‘ఎకో నివాస్ సంహిత’ గోడలనుండి, కప్పునుండి లోనికి వచ్చు వేడిమికి పరిమితిని సూచించినది గాని, అది క్రొత్తగా కట్టు నివాసములకు ఉద్దేశింపబడినది. కావున మన పత్రమును మనమే తయారుచేసికొనవలెను. ఎట్లు చేయవలెనో చెప్పుటకు ముందు, పాత యిల్లనగా నెట్టిదో చూతము.

విల్లిస్ కేరియర్ అను అమెరికను ఇంజనీరు 1902లో ఒక ముద్రణాలయమున కాగితములు తేమకు పాడగుటను నివారించుటకై నేటి ఏసీకి మూలమైన యంత్రమును రూపొందించెను. అనగా ఈ యంత్రము మొదట కాగితముల సుఖమునకు బుట్టినది. మనుష్యుల సుఖమునకు తరువాత వచ్చినది. అంతకు ముందును రాయపూరులో మే నెల యుండెను. ఎండ 45 డిగ్రీలు దాటు దినములను జనులు ఇండ్లలోనే గడపిరి.

పురానీ బస్తీ, బ్రాహ్మణపారా ప్రాంతముల పాత యిండ్లను జూడుడు. మూరెడు మందపు మట్టిగోడలు, నడుమ ఆంగన్ అను వాకిలి, పైన ఖపరా పెంకులు, క్రింద ఈ ప్రాంతమున విరివిగా దొరకు ఫర్షీ రాళ్ళ పఱపు. మన మండువా లోగిలికి ఇది దగ్గఱి చుట్టము. మందపు గోడ పగటి వేడిమిని మెల్లమెల్లగా త్రాగును; అది లోపలి ముఖమును జేరునప్పటికి ప్రొద్దు గ్రుంకి, కిటికీలు తెఱచు వేళ యగును. వాకిలినుండి వేడిగాలి పైకిపోవును. వట్టివేళ్ళ తడికలపై నీళ్ళు చల్లినచో వడగాలియే చల్లగాలి యగును. నేటి కూలరు సూత్రమును అదియే.

అయితే అమ్మువారు దీనితో మాట ముగింపరాదు. ఈ యింటికి లోపములు గలవు. వానలు పడినపిదప గాలిలో తేమ పెరుగును గనుక తడికయు, కూలరును చాలవఱకు నిష్ప్రయోజనములగును. పెంకుల సందులనుండి గాలి పోవును గనుక, క్రింద బిగువైన లోకప్పు వేయనిదే ఏసీ ఎంతసేపు నడచినను గది చల్లబడదు. విద్యుత్తు బిల్లు మాత్రము పెరుగును. దీపములకు, పంకాలకు సరిపోవునట్లు వేసిన పాత తీగలు ఏసీ బరువును మోయలేవు. దానికి వేఱు తీగ, భూమికి కలుపు ఎర్తింగు, స్విచ్చు కావలెను. కూలరు నీరు కాఱుచోట మట్టిగోడ నాని పెల్లలూడును. ఇవి చెప్పదగిన లోపములు.

కాబట్టి అమ్మదలచినవారు మూడు పనులు చేయుదురుగాక. మొదటిది, రెండు ఉష్ణమాపకములు తెచ్చి, ఒకటి బయట నీడలోను, ఒకటి నడిమి గదిలోను కట్టి, ఎండకాలమున పదిదినములు ఉదయము, మధ్యాహ్నము, రాత్రి అంకెలు వ్రాసియుంచుట. అంకెలు అనుకూలముగా లేకున్నను దాచరాదు. రెండవది, కొనువారిని మే నెలలో మధ్యాహ్నము రెండు గంటలకు రమ్మనుట. శీతకాలపు సాయంకాలమున ప్రతి యిల్లును చల్లగనే యుండును. మూడవది, విద్యుత్ పనివానిచేతను, వడ్రంగిచేతను వ్యయపు అంచనా వ్రాయించి కొనువారి ముందుంచుట. “ఒక గదికి లోకప్పు వేయుటకు ఇంత, తీగలకు ఇంత, యంత్రమునకు ఇంత, ఈ మొత్తమును వెలలో తగ్గించెదను” అన్నచో, స్థలము వెల మాత్రమే యనువాని నోరు మూతపడును. అప్పటికిని వినడేని, ఇంటిని కూల్చివేయుటయే అతని యుద్దేశమని తెలియును. టేకు తలుపుల వెలయు, పెంకుల వెలయు వేఱుగా నడుగవచ్చును.

చట్టమును మన కిదే మార్గమును జూపుచున్నది. 1882 ఆస్తి బదిలీ చట్టము 55వ విభాగము ప్రకారము, తనకు తెలిసియుండి, సామాన్యమైన జాగ్రత్తతో కొనువాడు కనుగొనజాలని ముఖ్యలోపమును అమ్మువాడు చెప్పవలెను, చెప్పకుండుట మోసమగును. ఏసీ లేకపోవుట కంటికి గనబడు విషయము, చెప్పకున్నను తెలియును. కాని సున్నము చాటున చెదలు తిన్న దూలము, గోడలోపల కాలిన తీగ కంటికి గనబడవు. అవి చెప్పితీరవలసినవి. ఇక దస్తావేజు వ్రాసిన నాలుగు మాసములలోపల రిజిస్ట్రేషనుకు దాఖలు చేయవలెనని 1908 రిజిస్ట్రేషను చట్టము విధించుచున్నది.

మనము కేంద్ర ప్రభుత్వోద్యోగులము గనుక మఱొక మాట. 1964 నడవడి నియమావళి 18వ నియమము ప్రకారము, తన పేరనైనను, కుటుంబ సభ్యుల పేరనైనను ఉన్న స్థిరాస్తిని అమ్ముటకు ముందే నిర్ణీతాధికారికి తెలుపవలెను. కొనువానితో అధికార సంబంధమైన వ్యవహారమున్నచో ముందుగా అనుమతియే పొందవలెను. రైల్వే సోదరులకు 1966 నియమావళి ఇట్లే చెప్పుచున్నది. బయానా పుచ్చుకొనిన పిదప దస్త్రము కదపుట తలనొప్పికి మూలము. సచివాలయమున దస్త్రముల నడక ఎఱిగినవాడనై చెప్పుచున్నాను: ముందు కాగితము, పిమ్మట బేరము.

సోదరులారా! ఇంటినమ్ముట యనగా గోడలనమ్ముట మాత్రమే గాదు. ఆ గోడల నడుమ రేపు మఱొకరి బిడ్డలు నిద్రింతురు. ఏ గది పడమటి యెండకు కాగునో, ఏ కిటికీ తెఱచిన రాత్రి గాలి వచ్చునో ఇన్నేండ్లు కాపురమున్న మనకే తెలియును. ఒక కాగితముపై ఆ సంగతులు వ్రాసి తాళముచెవులతోబాటు కొనువారి చేతికిచ్చిన, అది దస్తావేజులో లేని మర్యాద యగును. తగిన వెలను అడుగు ధైర్యము, తగిన నిజమును చెప్పు ధైర్యము ఒక్కచోటనే యుండదగును.