అన్నం మానేస్తే ఒంట్లో ఏమవుతుంది?
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను డాక్టర్ని కాను. థర్మల్ స్టేషన్లో ముప్పై ఏళ్లుగా బాయిలర్ల దగ్గర పనిచేస్తున్నవాణ్ని. నా పొట్ట చూసి మా బ్యాచ్ వాళ్లు అప్పుడే నవ్వుతున్నారు. నవ్వనివ్వండి. మన వాట్సాప్ గ్రూపులో ఈమధ్య శుభోదయాల కంటే డైట్ చార్టులే ఎక్కువ వస్తున్నాయని కార్యదర్శిగారు ఈ పని నాకు అప్పజెప్పారు. బొగ్గు రకం మారితే బాయిలర్ ఎన్ని పేచీలు పెడుతుందో తెలిసినవాణ్ని కాబట్టి, ఒంట్లో ఇంధనం మార్చడం గురించి కాస్త ఆసక్తిగానే చదివాను.

ఇది కొత్త సంగతేమీ కాదు. 1863లోనే లండన్‌లో విలియం బాంటింగ్ అనే ఆయన రొట్టె, పంచదార, బంగాళాదుంపలు మానేసి బరువు తగ్గి, ఆ సంగతి చిన్న పుస్తకంగా వేశాడు. 1972లో అమెరికాలో డాక్టర్ అట్కిన్స్ పుస్తకం వచ్చింది. మన దగ్గర 2018 ప్రాంతంలో కొబ్బరినూనె తాగే పద్ధతి ఊరూరా పాకింది.

"మొదటి వారంలోనే రెండు కిలోలు తగ్గాను" అని గ్రూపులో పెడుతుంటారు. అబద్ధం కాదు. కాకపోతే లెక్క చూడండి. కాలేయంలో సుమారు 100 గ్రాములు, కండరాల్లో 400 గ్రాముల దాకా గ్లైకోజెన్ నిల్వ ఉంటుంది. ఒక్కో గ్రాము దాదాపు 3 గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. అన్నం ఆపగానే ఆ నిల్వ కరుగుతుంది, నీరు పోతుంది. రెండు కిలోలూ చాలావరకు అక్కడే తేలిపోయాయి. నీటితోపాటు ఉప్పూ పోతుంది గనక తల తిరగడం, పిక్కలు పట్టెయ్యడం. మలబద్ధకం సరేసరి.

ఆ తర్వాత కొవ్వూ తగ్గుతుంది, కాదనను. 2018లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు 609 మందితో ఏడాదిపాటు చేసిన పరీక్షలో పిండిపదార్థాలు తగ్గించినవాళ్లు సగటున 6 కిలోలు, కొవ్వు తగ్గించినవాళ్లు 5.3 కిలోలు తగ్గారు. ఆ తేడా లెక్కలోకి రానంత చిన్నది. రెండు గుంపుల్లోనూ బాగా తగ్గినవాళ్లున్నారు, పెరిగినవాళ్లూ ఉన్నారు.

షుగర్ ఉన్నవాళ్లకు అన్నం తగ్గిస్తే నిజంగానే మేలు. రక్తంలో చక్కెర, ట్రైగ్లిజరైడ్లు దిగుతాయి. నాకు భయం వేసేది కూడా వాళ్ల గురించే. మా బ్యాచ్‌లో ఒకాయన, పేరు చెప్పను, మూడో వరసలోనే కూర్చున్నాడు. గ్లిమెపిరైడ్ మాత్ర యథాప్రకారం వేసుకుంటూ అన్నం, టిఫిను పూర్తిగా మానేశాడు. ఐదో రోజు తెల్లవారుజామున బాత్రూములో పడిపోయాడు. వాళ్లావిడ సమయానికి చూసి నోట్లో పంచదార నీళ్లు పోసింది కాబట్టి ఇవాళ మన మధ్య ఉన్నాడు. ఆ మాత్ర తిండి ఉన్నా లేకపోయినా ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తుంది. ఇన్సులిన్ సూది వేసుకునేవాళ్లకూ ఇదే ప్రమాదం. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడేవాళ్లకు ఇంకో చిక్కుంది: మీటరులో చక్కెర మామూలుగానే కనిపిస్తుండగా రక్తం ఆమ్లమయం కావచ్చు. వాంతులు, ఆయాసం వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. బీపీ మాత్రల మోతాదు కూడా మార్చాల్సి రావచ్చు. కొందరికి చెడు కొలెస్ట్రాల్ అమాంతం పెరుగుతుంది. అందుకే మొదలుపెట్టకముందు ఒకసారి, రెండు మూడు నెలలకు ఒకసారి రక్తపరీక్ష చేయించుకోండి. మాత్రల చీటీ పట్టుకుని ముందు మీ డాక్టరు దగ్గరికి వెళ్లండి, చార్టు తర్వాత.

మనవాళ్లలో చాలామంది కేలరీల్లో 60 నుంచి 75 శాతం అన్నం, గోధుమ, పంచదారల నుంచే వస్తాయి. పూర్తిగా మానేయకుండా సగానికి దించి, పప్పు, గుడ్డు, చేప, ఆకుకూర పెంచితే చాలామందికి సరిపోతుందని నా అభిప్రాయం. మా ఇంట్లో అదే జరుగుతోంది. ముందు కూర, పప్పు, చివర్లో కప్పుడన్నం మజ్జిగతో. ఆవకాయ జోలికి మాత్రం మా ఆవిడ రాలేదు.

భోజనాలు సిద్ధమని కబురొచ్చింది. పులిహోర కూడా ఉందట. షుగర్ మాత్రలు ఉదయమే వేసుకుని వచ్చినవాళ్లు ముందు లైన్లోకి వెళ్లండి.