వికలాంగ శిశువుల తల్లిదండ్రులు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావింపబడిన ఉపన్యాసము)



నల్లగొండ పేరు వైద్యగ్రంథములకు ఎక్కిన విధము సంతోషింపదగినది కాదు. 1937లో షార్టు మొదలగు వైద్యులు, నెల్లూరు జిల్లా నీటియందలి ఫ్లోరైడు మనుష్యుల ఎముకలను బిగియించుచున్నదని వెల్లడించిరి. 1955లో సిద్దిఖీ యను వైద్యుడు అదే వ్యాధి నల్లగొండ జిల్లాలోను కలదని ఇంగ్లండు వైద్యపత్రికలో వ్రాసెను. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి గారలు మరియొక సంగతిని బయటపెట్టిరి. ముదిమిలో వెన్ను వంగుటయే గాక, ఎదిగెడి పిల్లల మోకాళ్లు లోపలికి వంగి ఒకదాని నొకటి ఒరసికొనుచున్నవి. జొన్న తినువారి దేహమున ఈ విషము ఎక్కువగా నిలుచునని ఆ సంస్థ పరిశోధనలు సూచించినవి. చింతపండు తినుటవలన అది మూత్రముతో కొంత వెడలిపోవుననియు తరువాత తేలినది. జొన్నరొట్టెను చింతపులుసును ఒకే కంచములో పెట్టుకొని తిను మెట్టసీమ వారికి ఇంతకంటె విచిత్రమైన శాస్త్రము వేరొకటి యుండునా!

నీటిలో పటికయు సున్నమును కలిపి తేర్చెడి పద్ధతిని నాగపూరులోని జాతీయ సంస్థవారు కనుగొని దానికి నల్లగొండ పేరే పెట్టిరి. ఇథియోపియా, టాంజానియా దేశములలో సైతము ఆ పద్ధతి ఈ పేరుతోనే చెల్లినది.

వైద్యుడు ఎముకను చూచెను. ఇంజనీరు నీటిని చూచెను. ఆ బిడ్డను చంకనెత్తుకొని తిరుగు తల్లిని చూచినవారెవరు? ఇది సమాజసేవాశాస్త్రమును మనస్తత్వశాస్త్రమును చదివినవారు చేయవలసిన పని. మన దేశమున సమాజసేవాశాస్త్రమునకు తొలి విద్యాలయము 1936లో బొంబాయి యందు టాటావారి ధర్మనిధితో వెలసెను. మనకు చేరువగా 1984లో సికింద్రాబాదు మనోవికాసనగరమున బుద్ధిమాంద్యము గలవారికై జాతీయ సంస్థ నెలకొల్పబడినది. 1990ల దశకమున అందలి రీతా పెషావరియా, డి.కె. మీనన్ మొదలగు పరిశోధకులు బిడ్డను మాత్రమే గాక, బిడ్డను పెంచు కుటుంబమునే పరిశోధనకు విషయముగా గైకొనిరి. కుటుంబమునకు కావలసినవేవో తెలిసికొనుటకు వారు ప్రశ్నావళులను కూర్చిరి. బిడ్డ స్థితిని గూర్చిన జ్ఞానము, పెంపకపు మెలకువలు, ధనము, ఇంటివారి పొందిక, రేపటి యేర్పాటు, ఇవన్నియు అందు చేరినవి. తల్లిదండ్రులు పడు కష్టములను మాత్రమే అడిగి ఊరకుండలేదు. ఓర్చుకొనుటకు తోడ్పడినదేమి, అడ్డు తగిలినదేమి అని రెండును అడిగిరి. దుఃఖమునొక్కదానినే అడుగువానికి దుఃఖమే సమాధానముగా వచ్చును గదా.

ఆ ప్రశ్నావళులలో తల్లిదండ్రులకు ఒకటి, తోబుట్టువులకు ఒకటి, అవ్వతాతలకు ఒకటి. అవ్వతాతలను వేరుగా అడుగవలెనని తోచుట మెచ్చదగిన బుద్ధి. పాలమూరు సీమలో ఆలుమగలు వలసకూలికై దూరదేశములకు తరలిపోయిన ఇండ్లలో బిడ్డకు అన్నము కలిపి పెట్టునది అవ్వయే. లేవలేని బిడ్డయైనచో ఎత్తి దింపునదియు ఆమెయే. ఆమె నడుము సంగతి ఆమె కొడుకును అడిగిన తెలియదు.

బిడ్డ వంకరకు తల్లి పూర్వజన్మ పాపమే హేతువని ఊళ్లలో నేటికిని అనువారు కలరు. భారతము విన్నవారు అట్లనరాదు. ఆరణ్యపర్వమున అష్టావక్రుని ఎనిమిది వంకరలకు తల్లి సుజాత కారణము కాదు. గర్భమునందలి శిశువు తన అధ్యయనమున తప్పు పట్టెనని కోపించి శపించినవాడు తండ్రి కహోడుడు. పిమ్మట ఆ తండ్రి ధనార్థియై జనకుని సభకేగి, వందితో వాదమున ఓడి, నీట ముంపబడెను. బాలుని పెంచినవాడు మాతామహుడైన ఉద్దాలకుడు. పండ్రెండవయేట శ్వేతకేతువు వానిని తాత ఒడినుండి లాగి, అది వాని తండ్రి ఒడి కాదని పలుకువరకు ఆ బాలుడు పరాయితన మెరుగడు. జనులు మాత్రము అతడు సమంగానదిలో మునుగగా వంకరలు తీరిన కథనే తలపోయుదురు. ఫ్లోరైడు వంచిన ఎముకకు అట్టి నది లేదు. తలపోయవలసినది ఆ ఒడిని గూర్చియే.

మరియు, పాపమే యనుకొన్నను లెక్క కుదరదు. పహాణీలో ఏ సర్వే నెంబరున బావి యున్నదో వ్రాయుదురు. ఆ బావి నీటిలో ఏమున్నదో వ్రాయుటకు గడి లేదు. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాముల ఫ్లోరైడునకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు విధించినది. ఊరంతయు త్రాగిన నీటికి ఒక్క తల్లి పాపము చాలునా?

2015లో చౌటుప్పలు వద్ద మిషన్ భగీరథకు శంకుస్థాపన జరిగిన పిదప నదీజలము గ్రామములకు చేరినది. పుట్టబోవు బిడ్డలకు అది వరమే. కాని వెనుకటి నీరు త్రాగి వంగినవారు నేడు నడివయస్కులు. వారిని ఎత్తు తల్లులకు డెబ్బది యేండ్లు. 2023లో వికలాంగుల పింఛను 4,016 రూపాయలకు పెరిగినది. అది బియ్యమునకు, మందులకు వచ్చును. ఎత్తుటకు రాదు. ఇట్టి ఇండ్లలో పరిశోధకులు మొదట అడుగవలసిన ప్రశ్న, "మీ తరువాత ఎవరు?" అనునది. చాలమంది తల్లులు ఆ ప్రశ్నకు ముందే ప్రక్కకు చూతురు.

చట్టము ఈ ప్రశ్నను కొంతవరకు తలకెత్తుకొన్నది. ఆటిజము, మస్తిష్క పక్షవాతము, బుద్ధిమాంద్యము, బహువైకల్యము గలవారికి పదునెనిమిదేండ్లు నిండిన పిదప సంరక్షకుని నియమించు అధికారమును 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టము జిల్లా కలెక్టరు కూర్చుండు స్థానిక సంఘమునకు ఇచ్చినది. ఫ్లోరైడు వలన దేహము మాత్రమే వంగినవారు అందు చేరరు. చేరకుండుటయే న్యాయము. వారి బుద్ధి వారియొద్దనే యున్నది, తమ మాట తామే చెప్పగలరు. వారికి కావలసినది ఆసరా. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఇరువదియొక విధముల వైకల్యములను గుర్తించి, నూటికి నలువదికి తగ్గని వైకల్యము గలవారు అధిక సహాయమునకై దరఖాస్తు చేయవచ్చునని 38వ సెక్షనులో చెప్పినది. దరఖాస్తు వారే పెట్టుకొనవచ్చును, వారి పక్షమున వేరొక మనుష్యుడైనను, ఒక సంస్థయైనను పెట్టవచ్చును. గ్రంథాలయమును ఒక సంస్థయే. చదువ వ్రాయ నేర్చిన సభ్యులు ప్రతిసాయంకాలము ఈ అరుగుమీద కూర్చుండుచునే యున్నారు.