ఒంట్లో ఆమ్లోడిపిన్ ప్రయాణం

రోలుగుంట, నర్సీపట్నం వైపు పల్లెల్లోనూ బీపీకి బాగా వాడుకలో ఉన్న మాత్ర ఆమ్లోడిపిన్. మింగాక అది పేగుల నుంచి నెమ్మదిగా రక్తంలోకి చేరుతుంది. రక్తంలో దాని పాళ్లు గరిష్ఠానికి రావడానికి 6 నుంచి 12 గంటలు పడుతుంది. అందులో సుమారు 93 శాతం రక్తంలోని ప్రోటీన్లను అంటుకుని తిరుగుతుంది. రక్తనాళాల గోడల కండరాల్లోకి కాల్షియం చొరబడకుండా అడ్డుకుంటుంది. దాంతో నాళాలు సడలి రక్తపోటు తగ్గుతుంది.

ఈ మందును విరిచే పని కాలేయానిది. అక్కడి సీవైపీ 3ఏ4 అనే ఎంజైమ్ దాదాపు 90 శాతం మందును పనిచేయని పదార్థాలుగా మారుస్తుంది. వాటిలో ఎక్కువ భాగం మూత్రంలో పోతుంది. మారకుండా మూత్రంలోకి వెళ్లేది 10 శాతమే.

ఇదంతా చాలా నిదానం. రక్తంలో మందు సగానికి తగ్గడానికే 30 నుంచి 50 గంటలు కావాలి. రోజుకొక్క మాత్ర సరిపోయేది అందుకే. రోజూ వేసుకుంటే పాళ్లు నిలకడకు రావడానికి వారం పైనే పడుతుంది. రెండు రోజులకే బీపీ తగ్గలేదని మానేయడం తొందరపాటు. వృద్ధుల్లోనూ, కాలేయం దెబ్బతిన్నవారిలోనూ మందు ఇంకా ఎక్కువసేపు నిలుస్తుంది కనుక తక్కువ మోతాదుతో మొదలుపెడతారు. క్షయకు వాడే రిఫాంపిసిన్ ఆ ఎంజైమ్‌కు వేగం పెంచి, బీపీ మందు బలం తగ్గిస్తుంది. అది వాడుతున్న సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి.

బీపీకే వాడే మరో మందు అటెనొలాల్ దారి వేరు. దాన్ని ప్రధానంగా మూత్రపిండాలే బయటికి పంపుతాయి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో లాగా కిడ్నీ జబ్బులు ఎక్కువున్న చోట ఈ తేడా చాలా ముఖ్యం: కిడ్నీలు బలహీనపడితే అటెనొలాల్ ఒంట్లో పేరుకుంటుంది, మోతాదు తగ్గించాలి. ఇంకో బీపీ మందు టెల్మిసార్టాన్ మాత్రం దాదాపు అంతా పైత్యరసంతో కలిసి మలంలోనే పోతుంది.