పొద్దున లేవగానే తలనొప్పి – మనం తెలుసుకోవాల్సిన సంగతులు

(సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



పొదుపు గురించి, బ్యాంకు లింకేజీ గురించి, స్త్రీనిధి వాయిదాల గురించి నా ముందు అక్కలు చెప్పారు. నన్ను ఆరోగ్యం గురించి మాట్లాడమన్నారు. నేను పదో తరగతి దాకా చదివాను, డాక్టర్ని కాదు. మా ఏఎన్ఎం గారు, పీహెచ్‌సీ డాక్టరు గారు చెప్పగా విన్నవి, మా గ్రూపులో చూసినవి మీ ముందు పెడతాను.

మా సంఘం మీటింగులో ఒకసారి, "పొద్దున లేచేసరికే తలనొప్పి ఎవరికి ఉంటోంది?" అని అడిగాం. ఒకరు చెయ్యెత్తారు. ఆమెను చూసి ఇంకొకరు, తర్వాత ఇంకొకరు. అంతకుముందు ఎవరూ నోరు విప్పలేదు. ఆడవాళ్లకు ఇది మామూలే కదా అనుకుంటాం. లేచి, టీతో పాటు కిరాణా కొట్టు బిళ్ల ఒకటి వేసుకుని పనిలోకి దిగిపోతాం.

ముందు కారణం వెతకాలి అక్కా. మొదటిది నిద్ర. పదకొండింటికి పడుకుని నాలుగింటికి లేస్తే తల నొప్పి పుడుతుంది. వాయిదా కట్టే రోజు దగ్గర పడితే ఆ నిద్ర కూడా పట్టదు. రెండోది నీళ్లు. రాత్రిపూట బయటికి వెళ్లాల్సి వస్తుందని సాయంత్రం నుంచే నీళ్లు మానేసేవాళ్లు మనలో ఎంతమంది లేరు? ఎండలో పని చేసొచ్చి అలా చేస్తే తెల్లారేసరికి తల బరువెక్కుతుంది. పగలే బాగా తాగితే రాత్రి ఇబ్బంది ఉండదు. మూడోది తిండి. అందరికీ వడ్డించి, గిన్నెలో మిగల్లేదని ఖాళీ కడుపుతో పడుకోవద్దు. షుగరుకు మందులు, ఇన్సులిన్ వాడేవాళ్లు అసలే పడుకోకూడదు. రాత్రి షుగరు పడిపోయి, చెమటలు పట్టి, పొద్దున తలనొప్పితో లేస్తారు. అలా జరిగితే డాక్టరుకు చెప్పండి, మందు మీ అంతట మీరు ఆపొద్దు.

టీ సంగతి కూడా ఉంది. రోజుకు ఆరేడు గ్లాసులు తాగే అలవాటుంటే, రాత్రంతా టీ లేక పొద్దున తల పట్టేస్తుంది. ఒక్కసారిగా మానితే నొప్పి పెరుగుతుంది. కొన్ని రోజులకు ఒక గ్లాసు చొప్పున తగ్గించుకోవాలి.

గట్టిగా గురక పెట్టేవాళ్లకు కొందరికి నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తుంది. వాళ్లు లేచేసరికి తల రెండు పక్కలా ఒత్తినట్టుండి, కొన్ని గంటల్లో తగ్గుతుంది. పగలు కూర్చున్నచోటే కునుకు వస్తుంది. ఇది మగవాళ్లకే వస్తుందనుకోవద్దు. నిద్రలో పళ్లు కొరికేవాళ్లకు దవడలు, కణతలు లాగుతాయి. చలికాలంలో తలుపులు మూసి గదిలో కుంపటి పెట్టుకుని పడుకోవద్దు. ఆ పొగలో కంటికి కనిపించని, వాసన తెలియని విషవాయువు ఉంటుంది. ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి, వాంతి వచ్చినట్టుంటే వెంటనే అందరూ బయటికి వచ్చేయాలి. అది ప్రాణం తీస్తుంది.

ఇప్పుడు బిళ్లల గురించి. ఇది గట్టిగా చెప్పాలనుకున్నాను. మామూలు నొప్పి బిళ్లలు నెలలో 15 రోజులు, రెండు మూడు మందులు కలిపిన రకాలైతే 10 రోజులు, అలా మూడు నెలలు దాటి వాడితే ఆ బిళ్లలే తలనొప్పి తెప్పిస్తాయి. రాత్రి మందు బలం తగ్గగానే పొద్దున నొప్పి, దానికి మళ్లీ బిళ్ల. పాత అప్పు తీర్చడానికి కొత్త అప్పు చేసినట్టే. అప్పు మీద అప్పు ఎక్కడికి పోతుందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పైగా కొన్ని రకాలు పొట్టలో పుండ్లు చేస్తాయి, కిడ్నీలకు చెరుపు, బీపీ పెంచుతాయి. మానినప్పుడు కొన్ని రోజులు నొప్పి ఎక్కువవుతుంది, అందుకే డాక్టరుకు చెప్పి మానాలి.

బీపీ సంగతి వినండి. చాలామందికి బీపీ ఉన్నా ఏ నొప్పీ ఉండదు. తలనొప్పి లేదు కాబట్టి బీపీ లేదనుకోవద్దు, చూపించుకుంటేనే తెలుస్తుంది. 140/90 గానీ అంతకు మించి గానీ మళ్లీ మళ్లీ వస్తే డాక్టరును కలవాలి. 30 ఏళ్లు దాటిన వాళ్లకు ఉపకేంద్రంలో బీపీ, షుగరు ఉచితంగా చూస్తారు.

కొన్ని గుర్తులుంటే ఆ రోజే ఆసుపత్రికి పోవాలి, 108కి ఫోన్ చేయాలి. ఉన్నట్టుండి ఎప్పుడూ లేనంత నొప్పి రావడం, కాలు చెయ్యి పట్టు తప్పడం, మూతి వంకరపోవడం, మాట తడబడడం, చూపు మసకబారడం, ఫిట్స్, జ్వరంతో మెడ బిగుసుకోవడం, తలకు దెబ్బ తగిలాక నొప్పి రావడం. ఐదో నెల దాటిన గర్భిణికి తలనొప్పితో పాటు ముఖం, చేతులు వాచినా, కళ్ల ముందు మెరుపులొచ్చినా ఒక్క గంట కూడా ఆగొద్దు. రోజురోజుకూ పెరుగుతూ, పడుకుంటే ఎక్కువై, పొద్దున వాంతులతో వచ్చే నొప్పిని, 50 ఏళ్లు దాటాక కొత్తగా మొదలైన నొప్పిని కూడా వాయిదా వేయకుండా చూపించాలి.

చివరిగా మూడు పనులు అడుగుతున్నాను. ఒకటి, తలనొప్పి ఉన్నవాళ్లు పొదుపు పుస్తకంలాగే ఒక నోటుబుక్కు పెట్టి, నొప్పి వచ్చిన తేదీ, నిద్రపోయిన గంటలు, రాత్రి తిన్నది, వేసుకున్న బిళ్ల నెల రోజులు రాయండి. రాయడం రాకపోతే పిల్లల చేత రాయించండి. అది చూస్తే డాక్టరుకు సగం సంగతి అర్థమవుతుంది. రెండు, నెలకొక మీటింగుకు ఏఎన్ఎం గారిని పిలిచి అందరికీ బీపీ చూపించండి, ఆ మాట తీర్మానంలో రాయండి. మూడు, వాయిదా కట్టలేక నిద్ర పట్టని సభ్యురాలు ఉంటే, ఆమె బిళ్ల కొనకముందే మనం ఆమె మాట వినాలి. సంఘంలో కూర్చుని దారి వెతకాలి. సంఘం పెట్టుకున్నది అందుకే కదా అక్కా.